హై అవైలబిలిటీ క్లస్టర్: మిడిల్‌వేరా, ఆపరేటింగ్ సిస్టమ్‌కు పొడిగింపా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందు చెబుతాను, పొరపాటుంటే దిద్దండి. తిరుపతిలోని మీ విద్యాసంస్థలో రెండు లినక్స్ సర్వర్ల మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నడుస్తోంది. ఒక సర్వరు పడిపోతే రెండోది అందుకునేలా పేస్‌మేకర్, కోరోసింక్ అనే క్లస్టర్ సాఫ్ట్‌వేరును అమర్చుకున్నారు. ఆస్తుల రిజిస్టరులో సాఫ్ట్‌వేరుకు మూడే గడులున్నాయి: ఆపరేటింగ్ సిస్టమ్, మిడిల్‌వేర్, అప్లికేషన్. లినక్స్ ఇచ్చిన సంస్థ నుంచే వచ్చింది కాబట్టి ఆ క్లస్టర్ సాఫ్ట్‌వేర్ మొదటి గడిలోకి రావాలని డేటాబేస్ చూసేవారు, డేటాబేసుకూ లినక్సుకూ నడుమ కూర్చుంది కాబట్టి రెండో గడిలోకి రావాలని సర్వర్లు చూసేవారు పట్టుబడుతున్నారు. ఏ గడిలో పడితే ఆ గడికి చెందిన విభాగం అర్ధరాత్రి ఫోను ఎత్తాల్సి వస్తుంది కనుక, తగువు పేరు గురించి కాదని మీ ఉత్తరం చివరి వాక్యం చెప్పకనే చెబుతోంది.

నేను మొదట చిత్తూరులోనూ, తర్వాత తిరుపతిలోనూ కలిపి ఇరవై రెండేళ్లుగా సర్వర్ల పనే చేస్తున్నాను. ఈ తగువు నాకు కనీసం నాలుగుసార్లు ఎదురైంది. ఒక్క గడే ఇవ్వగలిగితే దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ గడిలోనే వేయండి. రెండు వరుసలు రాసే వీలుంటే మాత్రం దాన్ని రెండుగా చీల్చండి: ఏ యంత్రం బతికుందో తేల్చి, చచ్చినదాన్ని చచ్చినట్టే ఉంచే భాగం ఆపరేటింగ్ సిస్టమ్‌కు పొడిగింపు; ఏ సేవ ఏ యంత్రం మీద నడవాలో చూసుకునే భాగం మిడిల్‌వేర్. ఈ గీతను సరిగ్గా అక్కడే ఎందుకు గీస్తున్నానో వివరించడానికే మిగతాదంతా రాస్తున్నాను.

మిడిల్‌వేర్ అన్న మాట 1968లో జర్మనీలోని గార్మిష్‌లో జరిగిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ సమావేశపు నివేదికలోనే కనిపిస్తుంది. అప్లికేషన్ ప్రోగ్రాములకూ, వాటి అడుగున ఉండే వ్యవస్థ ప్రోగ్రాములకూ నడిమి పొర అన్న అర్థంలోనే అక్కడ వాడారు. తర్వాతి కాలంలో ఆ మాట కింద సందేశాల క్యూలు, ట్రాన్సాక్షన్ మానిటర్లు, అప్లికేషన్ సర్వర్లు అన్నీ చేరాయి. వీటన్నిటికీ ఉన్న పోలిక ఏమిటంటే, ఇవి కింది పొరను అడిగి పని చేయించుకుంటాయి తప్ప కింది పొరను శాసించవు. ఒక సందేశాల క్యూ పడిపోతే దాని మీద ఆధారపడిన అప్లికేషన్లు ఆగిపోతాయి, సర్వరు మాత్రం కదలకుండా నడుస్తూనే ఉంటుంది. ఏ క్యూ సాఫ్ట్‌వేరూ "నాకు జవాబు రావడం లేదు, కాబట్టి ఈ యంత్రాన్నే రీబూట్ చేస్తాను" అనదు. క్లస్టర్ సాఫ్ట్‌వేర్ ఆ మాట అంటుంది, అన్నట్టే చేస్తుంది కూడా. నా వాదనంతా ఈ తేడా మీదే నిలబడి ఉంది.

సాధారణంగా చాలామంది వేసే మొదటి కొలత వేరు. ఆ కోడ్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయైన కర్నెల్‌లో నడిస్తే ఆపరేటింగ్ సిస్టమ్, మామూలు ప్రోగ్రాములు నడిచే యూజర్ స్పేస్‌లో నడిస్తే మిడిల్‌వేర్ అంటారు. వినడానికి బాగుంటుంది కానీ చరిత్ర దీన్ని ఒప్పుకోదు. 1983లో డిజిటల్ ఈక్విప్‌మెంట్ సంస్థ ప్రకటించిన వాక్స్‌క్లస్టర్‌లో నోడ్ల (క్లస్టర్‌లోని యంత్రాల) సభ్యత్వాన్ని చూసే కనెక్షన్ మేనేజరు, ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి మార్చకుండా అన్ని యంత్రాలకూ ఉమ్మడిగా కాపలా ఉండే లాక్ మేనేజరు, మెజారిటీ ఎటు ఉందో తేల్చే కోరం లెక్క అన్నీ వీఎంఎస్ ఆపరేటింగ్ సిస్టమ్ లోపలే ఉండేవి. అక్కడ ఈ ప్రశ్నే పుట్టలేదు. ఐబీఎం వారు 1991లో తమ ఏఐఎక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కోసం హెచ్ఏసీఎంపీ అనే క్లస్టర్ సాఫ్ట్‌వేర్ తెచ్చినప్పుడు అది ఆపరేటింగ్ సిస్టమ్ మీద విడిగా నడిచే డీమన్ల (తెర వెనక నడిచే ప్రోగ్రాముల) సమూహం. అదే ఉత్పత్తి పవర్‌హెచ్ఏగా పేరు మార్చుకున్నాక, 2010లో వచ్చిన ఏఐఎక్స్ 7.1తో హార్ట్‌బీట్‌ను (బతికే ఉన్నానని యంత్రాలు ఒకదానికొకటి పంపుకునే సంకేతాన్ని), నోడ్ల ఆరోగ్యాన్ని గమనించే పనిని క్లస్టర్ అవేర్ ఏఐఎక్స్ అనే పేరుతో ఆపరేటింగ్ సిస్టమ్‌లోకే తీసుకుపోయారు. చేసే పని ఒకటే, చేసే చోటు మారింది. చోటును బట్టి వర్గం తేల్చేవారు ఒకే ఉత్పత్తి 2009లో మిడిల్‌వేర్, 2010లో ఆపరేటింగ్ సిస్టమ్ అని చెప్పాల్సి ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు చంద్రగిరి కోట ఒక్క అంగుళం కదలకుండానే చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఇక్కడ కథ దానికి తలకిందులు, కోడే స్థలం మారింది, స్వభావం మారలేదు.

మీ లినక్స్ సంగతే చూడండి. కోరోసింక్ యూజర్ స్పేస్‌లో నడిచే మామూలు డీమనే. అయితే అది మొదలవగానే తనకు రియల్‌టైమ్ ప్రాధాన్యం తెచ్చుకుంటుంది, తన మెమరీ డిస్కు మీది స్వాప్‌లోకి పోకుండా తాళం వేయించుకుంటుంది. ఎందుకంటే అది కొన్ని సెకన్లు నిద్రపోతే, పక్క నోడ్ దృష్టిలో ఈ యంత్రం చచ్చినట్టే. మిగతా ప్రోగ్రాములన్నీ ఆకలితో ఉన్నా తనకు మాత్రం ప్రాసెసర్ దొరికి తీరాలని కోరే ప్రోగ్రాము, ఉన్నచోటు యూజర్ స్పేస్ అయినా, నడత కర్నెల్ నడతే. అదే సర్వర్ల మీద మీరు రేపు జీఎఫ్ఎస్2 లాంటి ఉమ్మడి ఫైల్ సిస్టమ్ పెట్టుకుంటే, దానికి కావలసిన లాక్ మేనేజరు 2006 నుంచి లినక్స్ కర్నెల్‌లోనే ఉంది. డిస్కును రెండో యంత్రానికి అద్దంలా ప్రతిబింబించే డీఆర్‌బీడీ 2010 ఫిబ్రవరిలో విడుదలైన 2.6.33 కర్నెల్‌తో లోపలికి చేరింది. వెరిటాస్ క్లస్టర్ సర్వర్ అనే ఇంకో ఉత్పత్తిలోనైతే ఈ చీలిక ఇంకా స్పష్టం: నోడ్ల మధ్య మాటలు మోసే ఎల్ఎల్‌టీ, సభ్యత్వాన్ని కాపాడే గ్యాబ్ కర్నెల్ మాడ్యూళ్లు, సేవల నిర్ణయాలు చేసే హ్యాడ్ యూజర్ స్పేస్ ప్రోగ్రాము. హ్యాడ్ నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే గ్యాబ్ దాన్ని చంపి చూస్తుంది, అదీ కుదరకపోతే యంత్రాన్నే పానిక్‌లోకి, అంటే ఉన్నపళంగా ఆగిపోయే స్థితిలోకి నెడుతుంది. ఎవరు ఎవరిని శాసిస్తున్నారో గమనించండి.

అమ్మిన సంస్థను బట్టి వర్గం తేల్చడం ఇంకా అన్యాయం. సూసె వారు తమ ఉత్పత్తికి హై అవైలబిలిటీ ఎక్స్‌టెన్షన్ అని పేరు పెట్టుకున్నారు, రెడ్ హ్యాట్ వారు దాదాపు అవే పేస్‌మేకర్, కోరోసింక్‌లను యాడ్-ఆన్ అన్నారు, 2001లో టెలికాం రంగ సంస్థలు కలిసి స్థాపించుకున్న సర్వీస్ అవైలబిలిటీ ఫోరం ఇదే కోవ సాఫ్ట్‌వేరును మిడిల్‌వేర్ అనే పిలిచింది. డేటాబేస్ అమ్మే ఒరాకిల్ వారి క్లస్టర్‌వేర్ కూడా అవసరమైతే నోడ్‌ను రీబూట్ చేస్తుంది. పెట్టె మీది పేరు అమ్మకాల విభాగం నిర్ణయించేది, దాన్ని మన వాదనలోకి తేవద్దు.

అయితే సరైన కొలత ఏమిటి? ఆపరేటింగ్ సిస్టమ్ మూలంలో ఏం చేస్తుందో గుర్తు తెచ్చుకుంటే అదే దొరుకుతుంది. ఒకే వనరు కోసం పోటీపడే ప్రోగ్రాముల మధ్య అది తీర్పు చెబుతుంది, ఆ తీర్పును బలవంతంగా అమలు చేస్తుంది. ఒక ప్రాసెస్ చచ్చిపోతే దాని మెమరీని, తెరిచిన ఫైళ్లను, పట్టుకున్న లాకులను కర్నెల్ వెనక్కి తీసుకున్నాకే ఇంకొకరికి ఇస్తుంది. ఆ ప్రాసెస్ నిజంగా చచ్చిందా లేదా అన్న సందేహం కర్నెల్‌కు ఉండదు, ఎందుకంటే చంపింది తనే. రెండు యంత్రాల మధ్యకు వచ్చేసరికి ఈ నిశ్చయం మాయమవుతుంది. ఎదుటి యంత్రం నుంచి హార్ట్‌బీట్ రాకపోతే అది చచ్చిందో, బతికే ఉండి మధ్య కేబుల్ ఊడిందో, పని ఒత్తిడిలో నెమ్మదించిందో ఇవతలి యంత్రానికి తెలిసే మార్గం లేదు. సందేశం చేరడానికి పట్టే కాలానికి హద్దు లేని నెట్‌వర్కులో ఒక్క యంత్రం పడిపోయే అవకాశం ఉన్నా, మిగతావి తప్పకుండా ఒక నిర్ణయానికి వస్తాయని హామీ ఇచ్చే నిశ్చిత పద్ధతి ఉండదని ఫిషర్, లించ్, ప్యాటర్సన్ 1985లో నిరూపించారు. ఎంత తెలివైన ప్రోగ్రాము రాసినా ఆ అనిశ్చితి పోదు. నిజం తెలుసుకునే దారి లేనప్పుడు నిజాన్ని తయారు చేయడమే మిగిలింది: ఎదుటి యంత్రం చచ్చిందో లేదో తెలియదు కాబట్టి దాన్ని చంపి, ఇప్పుడు చచ్చిందని నిశ్చింతగా ఉండటం. దానికే ఫెన్సింగ్ అని పేరు.

తిరుపతివారికి ఇది కొండ దారులతో చెబితే వెంటనే అందుతుంది. తిరుమలకు 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు ఎక్కడానికి వాడుతున్నాం. వానలకు కొండచరియలు విరిగిపడి ఎక్కే దారి మూతపడితే, దిగే దారినే వంతులవారీగా రెండు వైపులకూ వాడాల్సి వస్తుంది. అప్పుడు అలిపిరి దగ్గర నిలబడిన మనిషి బండ్లను పైకి వదలాలంటే, పైన టోల్‌గేటు దగ్గర దిగే బండ్లను ఆపేశారని అతనికి రూఢిగా తెలియాలి. వైర్‌లెస్ మూగబోయిందనుకోండి. పది నిమిషాలుగా పైనుంచి ఒక్క బండీ రాలేదు. గేటు వేశారనే అనుకుని వదిలేయవచ్చా? ఆ గేటును ఇక్కడి నుంచే మూయగల మీట చేతిలో ఉంటే మీట నొక్కి, దారిలో ఉన్న చివరి బండి దిగేదాకా ఆగి వదలవచ్చు. మీట లేకపోతే కాచుకుని కూర్చోవడం తప్ప వేరే దారి లేదు. వదిలేస్తే మలుపు దగ్గర రెండు బస్సులు ఎదురెదురు పడతాయి. మన భాషలో దాన్ని స్ప్లిట్ బ్రెయిన్ అంటాం, బస్సులకు బదులు ఒకే డేటా ఫైలు మీద రెండు డేటాబేసులు రాస్తాయి.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావాలి, మీ సర్వర్ల విభాగంవారు తప్పకుండా తెస్తారు. ఫెన్సింగ్ చేసేది ఆపరేటింగ్ సిస్టమ్ కాదు కదా, దూరం నుంచి కరెంటు ఆపగల, సర్వరు బోర్డు మీది ఐపీఎంఐ చిప్పుకో, కరెంటు పట్టీకో ఒక చిన్న స్క్రిప్టు ఆజ్ఞ పంపుతుంది, ఆ స్క్రిప్టు ఏ మూల చూసినా మామూలు ప్రోగ్రామే, మరి దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ పొడిగింపు అని ఎలా అంటారు? నా జవాబు పాతదే: చోటు కొలత కాదు, పని కొలత. ఒక యంత్రం లోపల కర్నెల్ ఒక ప్రాసెస్ పట్ల ఏం చేస్తుందో, ఇక్కడ క్లస్టర్ ఒక యంత్రం పట్ల సరిగ్గా అదే చేస్తోంది. వనరును పట్టుకున్నవాడిని నిశ్చయంగా తొలగించాకే ఇంకొకడికి ఇస్తోంది. ఐపీఎంఐ అనేది ఆ తీర్పును అమలు చేసే చెయ్యి, ఎదుటి యంత్రాన్ని రాయనివ్వకుండా డిస్క్ మీద పెట్టే ఎస్‌సీఎస్ఐ-3 పర్సిస్టెంట్ రిజర్వేషన్ ఇంకో చెయ్యి, వాచ్‌డాగ్ టైమరు మూడో చెయ్యి. వాచ్‌డాగ్ పద్ధతి నాకు అన్నిటికన్నా నిజాయితీగలదిగా కనిపిస్తుంది: ఎవరో వచ్చి చంపాల్సిన పని లేదు, క్లస్టరు నుంచి విడిపోయిన నోడ్ టైమరును తట్టడం మానేస్తుంది, గడువు తీరగానే హార్డ్‌వేరే దాన్ని రీసెట్ చేస్తుంది. ఎదుటివాడు ఆ గడువును మించి ఇంకాస్త సేపు ఆగి పని అందుకుంటాడు.

ఈ అధికారం లేని క్లస్టర్లు ఎలా ఉంటాయో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. కంటైనర్లను అనేక యంత్రాల మీద నడిపే కుబర్నెటీస్‌ను ఎవరూ ఆపరేటింగ్ సిస్టమ్ భాగం అనరు, అది అన్ని విధాలా నడిమి పొరే. అందులో ఒక నోడ్ అందుబాటులో లేకుండా పోతే, మనం ఏ మార్పూ చేయకపోతే, 300 సెకన్లు చూసి దాని మీది పాడ్‌లను (కలిసి నడిచే కంటైనర్ల గుంపులను) తొలగించినట్టు గుర్తు పెట్టి, మామూలు పాడ్‌లకు బదులు వేరేచోట కొత్తవి లేపుతుంది. స్టేట్‌ఫుల్‌సెట్ కింద ఉన్న పాడ్‌లను, అంటే డేటాబేస్ లాంటి వాటిని మాత్రం లేపదు. పాతది నిజంగా ఆగిందన్న ధ్రువీకరణ వచ్చేదాకా, లేదా ఒక మనిషి వచ్చి "ఆ నోడ్ లేదు, నేను పూచీ" అని చెప్పేదాకా కాచుకుంటుంది. అది లోపం కాదు, తన అధికారానికి ఉన్న హద్దు తెలిసిన సాఫ్ట్‌వేర్ వినయం. పోస్ట్‌గ్రెస్ కోసం వాడే క్లస్టర్ సాఫ్ట్‌వేర్ ప్యాట్రోనీ కూడా అంతే. ఎట్‌సీడీ అనే ఉమ్మడి స్టోరులో ఉంచిన నాయకత్వపు తాళం గడువు తీరేలోగా పునరుద్ధరించుకోలేకపోతే తనంతట తానే నాయకత్వం వదులుకుంటుంది. కానీ ఆ వదులుకోవాల్సిన ప్రాసెసే గడ్డకట్టుకుపోతే? అందుకే ప్యాట్రోనీ లినక్స్ వాచ్‌డాగ్‌ను వాడుకునే ఏర్పాటు పెట్టింది. మిడిల్‌వేర్‌గా పుట్టిన సాఫ్ట్‌వేర్ పూర్తి భద్రత కావాలనుకున్న క్షణాన కింది పొర దగ్గర కత్తి అరువు తెచ్చుకుంటోంది.

ఇక రెండో సగం. పేస్‌మేకర్‌లో షెడ్యూలరు అనే భాగం ఉంది. ఏ సేవలు ఉన్నాయి, ఏది దేని తర్వాత లేవాలి, ఏవి ఒకేచోట ఉండాలి, ఏవి కలవకూడదు అన్న నియమాలను, నోడ్ల ప్రస్తుత స్థితిని తీసుకుని, తర్వాత చేయాల్సిన పనుల పట్టిక తయారు చేస్తుంది. దానికి పోస్ట్‌గ్రెస్ అంటే ఏమిటో తెలియదు. ఆ జ్ఞానమంతా రిసోర్స్ ఏజెంట్ అనే స్క్రిప్టులో ఉంటుంది. లేపు, ఆపు, బాగుందో లేదో చూడు అన్న మూడు ఆజ్ఞలకు అది జవాబివ్వాలి. చూసినప్పుడు సేవ నడుస్తుంటే సున్నా, శుభ్రంగా ఆగి ఉంటే 7 తిరిగివ్వాలి. వర్చువల్ ఐపీని, అంటే సేవతో పాటు కదిలే నెట్‌వర్క్ చిరునామాను, ఒక నోడ్ నుంచి తీసి ఇంకో నోడ్‌కు తగిలించేదీ ఇలాంటి ఏజెంటే. ఈ సగాన్ని మిడిల్‌వేర్ అనడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఇది అప్లికేషన్ తరఫున ఆలోచిస్తుంది, కింది పొరను అడిగి పని చేయించుకుంటుంది, ఒక లినక్స్ నుంచి ఇంకో లినక్స్‌కు పెద్ద మార్పు లేకుండా తీసుకుపోవచ్చు. మిడిల్‌వేర్ అనేవారి బలమైన వాదం కూడా ఇదే: వెరిటాస్ క్లస్టర్ ఏఐఎక్స్, సొలారిస్, లినక్స్, విండోస్ అన్నిటి మీదా ఒకే ఆజ్ఞలతో నడిచింది కదా, ఆపరేటింగ్ సిస్టమ్ పొడిగింపు అయితే అన్నిచోట్లా ఎలా ఇముడుతుంది అంటారు. అన్నిచోట్లా ఇమిడింది హ్యాడ్, దాని ఆజ్ఞలు, దాని ఏజెంట్లు. అడుగున ఉన్న ఎల్ఎల్‌టీ, గ్యాబ్‌లను మాత్రం ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్ కర్నెల్‌కూ విడిగా తయారు చేయక తప్పలేదు. మైక్రోసాఫ్ట్ వారు 1997లో విండోస్ ఎన్‌టీ 4.0 ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌తో క్లస్టర్‌ను ఇచ్చినప్పుడు కూడా సేవలను చూసేది మామూలు సర్వీసు, ఉమ్మడి డిస్కును కాపలా కాసేది డ్రైవరు. గీత మళ్లీ అక్కడే పడింది.

సిద్ధాంతం సరే, గడి మారితే ఏమవుతుందో నా అనుభవంలో చూసింది చెబుతాను. చిత్తూరులో నేను పనిచేసిన ఒక సంస్థలో రెండు సర్వర్ల క్లస్టరు ఉండేది. సంస్థ పేరూ, ఆ క్లస్టర్ అమ్మినవారి పేరూ ఇక్కడ అవసరం లేదు. రిజిస్టరులో అది మిడిల్‌వేర్ గడిలో ఉంది కాబట్టి దాని ఒప్పందం, దాని కొత్త వెర్షన్లు అన్నీ అప్లికేషన్ విభాగం చేతిలో ఉండేవి. ఒక శనివారం రాత్రి సర్వర్ల విభాగం భద్రతా లోపాల కారణంగా రెండు యంత్రాల మీదా కర్నెల్‌ను నవీకరించి ఒకదాని తర్వాత ఒకటి రీబూట్ చేసింది. వారి పట్టికలో తనిఖీ చేయాల్సినవి ఆపరేటింగ్ సిస్టమ్ గడిలోని వరుసలే, అవన్నీ సక్రమంగానే ఉన్నాయి. క్లస్టర్‌కు చెందిన కర్నెల్ మాడ్యూళ్లు కొత్త కర్నెల్‌కు సరిపడనివని, అవి ఎక్కలేదని ఎవరికీ తెలియదు. రెండు సర్వర్లూ నిక్షేపంగా లేచాయి, డిస్కులు కనిపిస్తున్నాయి, నెట్‌వర్కు పలుకుతోంది, సేవ మాత్రం ఎక్కడా లేదు. ఒక్క సర్వరే ఉండి ఉంటే ఆ రాత్రి సేవ ఆగేదే కాదు! నేను ఇంటి నుంచి బయలుదేరి వెళ్లి, పాత కర్నెల్‌తో బూట్ చేసి సేవను నిలబెట్టేసరికి మూడు గంటలు పట్టింది. తప్పు ఏ విభాగానిదీ కాదు, ఇద్దరూ తమ గడి ప్రకారమే నడిచారు.

ఆ దెబ్బకు జడిసి తర్వాతి ఏడాది మొత్తం క్లస్టర్‌ను సర్వర్ల విభాగం కిందికి మార్చాం. ఆ నిర్ణయంలో నా చెయ్యీ ఉంది, కనుక ఇది ఒప్పుకోలు. డేటాబేస్ ఏజెంటును నిర్వహించేది కూడా ఇప్పుడు డేటాబేస్ తెలియనివారే అయ్యారు. వారు రాసిన తనిఖీ, డేటాబేస్ ప్రాసెస్ ఉందా లేదా అని మాత్రమే చూసేది. ఒక రోజు లాగ్ ఫైళ్ల డిస్కు నిండిపోయి డేటాబేస్ కొత్త లావాదేవీలన్నిటినీ నిలిపేసింది. ప్రాసెస్ ఉంది, కాబట్టి ఏజెంట్ సున్నా తిరిగిస్తూనే ఉంది, క్లస్టర్ తెర మీద అంతా పచ్చగా ఉంది. కౌంటర్ల దగ్గర వరుసలు పెరిగి, జనం అరిచి, ఆ అరుపులు పై అంతస్తుకు చేరేదాకా ఎవరికీ తెలియలేదు. ఒక చిన్న టేబుల్‌లోకి ఒక వరుస రాసి చూసే తనిఖీ పెట్టి ఉంటే నిమిషంలో బయటపడేది. ఆ సంగతి డేటాబేస్ చూసే ఏ అమ్మాయిని అడిగినా చెప్పేది. ఏజెంటు మీద అధికారం అప్లికేషన్ తెలిసినవారికే ఉండాలని నేను ఆ రోజు నేర్చుకున్నాను. రెండుగా చీల్చమని మీకు చెప్పడానికి కారణం ఇదే.

ఇప్పుడు మీ రిజిస్టరు. కోరోసింక్, పేస్‌మేకర్‌లోని ఫెన్సింగ్ భాగం, వాడుతుంటే ఎస్‌బీడీ (వాచ్‌డాగ్ సాయంతో ఫెన్సింగ్ చేసే ప్రోగ్రాము), వాచ్‌డాగ్ డ్రైవరు, ఉమ్మడి ఫైల్ సిస్టమ్ ఉంటే దాని లాక్ మేనేజరు – వీటిని "క్లస్టర్ సభ్యత్వం, ఫెన్సింగ్" అన్న ఒకే వరుసగా ఆపరేటింగ్ సిస్టమ్ గడిలో రాయండి. ఆ వరుసలోనే "కర్నెల్ నవీకరణకు ముందు సరిచూడాలి" అని ఒక గమనిక పెట్టండి. రిసోర్స్ ఏజెంట్లు, సేవల క్రమ నియమాలు, వర్చువల్ ఐపీల పట్టిక "క్లస్టర్ సేవల నిర్వహణ" అన్న వరుసగా మిడిల్‌వేర్ గడిలోకి వెళ్తాయి. పేస్‌మేకర్ ఒకే ప్యాకేజీ కదా, సగం ఇక్కడా సగం అక్కడా ఎలా రాస్తామని ఆడిటరు అడగవచ్చు. రిజిస్టరులో రాసేది ప్యాకేజీల లెక్క కాదు, బాధ్యత లెక్క అని చెప్పండి. ఒకే ఇంటి పట్టాలో అన్నదమ్ములిద్దరి వాటాలు విడివిడిగా రాసుకోవడం ఆయన చూడనిది కాదు. ఒక్కటే వరుస అనుమతిస్తామని ఆయన పట్టుబడితే మొత్తాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ గడిలో వేసి, ఏజెంట్ స్క్రిప్టుల బాధ్యత డేటాబేస్ విభాగానిదని రిమార్కుల గడిలో రాయించండి. నా అనుభవంలోని రెండు తప్పుల్లో మొదటిదే, అంటే మొత్తాన్ని మిడిల్‌వేర్ గడిలో వేయడమే, ఎక్కువ నష్టం చేస్తుంది, ఎందుకంటే అది రెండు సర్వర్లనూ ఒకేసారి పడగొడుతుంది. రెండో తప్పు సేవను ఆపినా, కనీసం దాన్ని చేత్తో మళ్లీ లేపవచ్చు.

మీ సర్వర్లు వర్చువల్ మెషీన్లయితే ఇంకొక వరుస అదనంగా కావాలి. అప్పుడు ఫెన్సింగ్ ఆజ్ఞ వెళ్లేది ఐపీఎంఐకి కాదు, వర్చువల్ మెషీన్లను నడిపే హైపర్‌వైజర్‌కు. ఆ ఆజ్ఞకు వాడే ఖాతా, దాని పాస్‌వర్డ్ గడువు కూడా క్లస్టర్‌లో భాగమే. పాస్‌వర్డ్ గడువు తీరిపోయి ఫెన్సింగ్ పనిచేయని క్లస్టర్, ప్రమాదం వచ్చినప్పుడు కుబర్నెటీస్ లాగే మనిషి కోసం కాచుకుని కూర్చుంటుంది.

మీ ఉత్తరంలో ఒక మాట నన్ను కలవరపెట్టింది, అందుకే చివరికి దాచి ఉంచాను. ఫెన్సింగ్‌ను "ప్రస్తుతానికి" ఆపి ఉంచామని, సెట్టింగుల్లో స్టోనిత్‌ను (పేస్‌మేకర్‌లో ఫెన్సింగ్‌కు ఉన్న పేరు) ఫాల్స్‌గా పెట్టామని రాశారు. అలా ఉంచినంతకాలం మీ దగ్గర ఉన్నది నిజంగానే మిడిల్‌వేర్ మాత్రమే, మీ సర్వర్ల విభాగంవారి వాదమే నెగ్గుతుంది. ఎదుటి నోడ్ మాట వినబడకపోతే అది చచ్చిందనే అనుకుని, మీట నొక్కకుండానే అలిపిరి గేటు ఎత్తే స్థితిలో ఉన్నారు. రిజిస్టరు పని వచ్చే వారానికి వాయిదా వేసి ముందు ఫెన్సింగ్ అమర్చండి. సెలవు రోజు చూసి, రెండో నోడ్ మీద ఎవరూ పని చేయనప్పుడు పేస్‌మేకర్‌ను నడిపే పీసీఎస్ పనిముట్టులోని పీసీఎస్ స్టోనిత్ ఫెన్స్ ఆజ్ఞతో దాన్ని నిజంగా పడగొట్టి, మళ్లీ లేచి క్లస్టర్‌లో కలిసిందో లేదో కళ్లారా చూడండి. ఆ తర్వాత రెండు నోడ్ల మధ్య కేబుల్‌ను చేత్తో ఊడదీసి, ఇద్దరిలో ఒక్కరే మిగిలారో లేదో చూడండి. ఇద్దరూ ఒకరినొకరు పడగొట్టుకుంటే, ఒక నోడ్‌ను పడగొట్టే ఫెన్సింగ్ ఆజ్ఞకు కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టండి. అప్పుడు ఆ నోడ్‌కు ముందుగా దెబ్బ తీసే అవకాశం దొరుకుతుంది.